చవకైన రైలు ఉండగా మిర్చి లారీ ఎందుకు ఎక్కుతోంది

సరుకు రవాణా గురించి ఎక్కడ చర్చ మొదలైనా ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. రైలుకి ఇంధనం తక్కువ, పొగ తక్కువ, రోడ్లు పాడవ్వవు, కిరాయి కూడా చవకే, అయినా మన వ్యాపారులు లారీలను వదలరు, వాళ్లకి ముందుచూపు లేదు అని. ఇందులో మొదటి సగం అక్షరాలా నిజం. రెండో సగం దగ్గరే నా గొడవ. గుంటూరులో మా మావయ్య గారి మిర్చి కొట్టులో డిస్పాచ్ లెక్కలు చూసేది నేను. ఏ సరుకు దేని మీద పంపాలో సీజన్‌లో రోజూ తేల్చుకోవాల్సిన పని మాది. రైలు కిరాయి ఎంతో, లారీ కిరాయి ఎంతో మిర్చి యార్డులో తెలియనివాళ్లు లేరు. తెలిసే లారీకి ఫోన్ చేస్తున్నారు. ఎందుకో వివరంగా చెప్పాలనే ఈ పోస్టు.

2020 జులైలో, కరోనా నడుస్తున్న రోజుల్లో, గుంటూరు పక్కనే ఉన్న రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కి ఎండు మిర్చితో ఒక ప్రత్యేక పార్సిల్ ఎక్స్‌ప్రెస్ వెళ్లింది. మన దేశం సరిహద్దు దాటిన మొదటి ప్రత్యేక పార్సిల్ రైలు అదే. 16 పార్సిల్ వ్యాన్లు, 384 టన్నులు. రైల్లో టన్నుకి 4,608 రూపాయలు పడిందని, రోడ్డు మీద అయితే 7,000 దాకా అవుతుందని రైల్వే శాఖే ప్రకటించింది. ఈ రెండు అంకెల గురించి అందరూ మాట్లాడారు. అదే ప్రకటనలో ఇంకో అంకె ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మామూలు గూడ్సు రైలు పెట్టించుకోవాలంటే ట్రిప్పుకి 1,500 టన్నులకు పైగా సరుకు పోగుచెయ్యాలి, పార్సిల్ ఎక్స్‌ప్రెస్ అయితే ఎక్కువలో ఎక్కువ 500 టన్నులే. నా దృష్టిలో ఆరోజు జరిగిన అసలు మార్పు కిరాయి తగ్గడం కాదు, రైలు మా సైజుకి దిగిరావడం.

1,500 టన్నులంటే ఎంతో యార్డు బయటివాళ్లకి అందకపోవచ్చు. ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై నుంచి నలభై అయిదు కిలోలు తూగుతుంది. ఆ లెక్కన దాదాపు 35 వేల టిక్కీలు. మాలాంటి మధ్యరకం కొట్టుకి ఢాకా వైపు నుంచి ఒక ఆర్డరు వచ్చిందంటే అది ఒక లారీ, మహా అయితే రెండు. 35 వేల టిక్కీలు కావాలంటే, పొద్దున వేలంలో ఒకరి మీద ఒకరు పాడుకున్న వ్యాపారులంతా మధ్యాహ్నానికి ఒక మాట మీదకి రావాలి. అందరి సరుకూ ఒకే వైపు వెళ్లాలి, ఒకే రోజుకి సిద్ధంగా ఉండాలి. ఒకడిది తేజ రకం, ఇంకొకడిది 334 రకం, మరొకడిది బాడిగ రకం. ఒకడి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, ఇంకొకడిది ఇంకా కల్లంలోంచే రాలేదు. ముందు తెచ్చినవాడు గూడ్స్ షెడ్డులో కూర్చుని చివర తెచ్చేవాడి కోసం ఎదురుచూడాలి. ఎదురుచూసినన్నాళ్లూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, మబ్బు పడితే టెన్షన్ అదనం. పెద్ద ఎగుమతిదార్లకి ఇది సాధ్యమే, చేస్తున్నారు కూడా. మిగతావాళ్లకి కాదు.

సరే, ఎలాగోలా పోగుచేశామే అనుకుందాం, మిగిలేది ఎంత? టన్నుకి 2,392 రూపాయలు, అంటే కిలోకి రెండు రూపాయల నలభై పైసలు. తీసిపారేసే డబ్బు కాదు, ఇరవై టన్నుల లోడు మీద దాదాపు 48 వేలు మిగులుతుంది. కానీ దీన్ని మిర్చి ధర పక్కన పెట్టి చూడండి. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ఖరారు చేసింది. అంతకు రెండేళ్ల ముందు తేజ రకం 20 వేలు దాటి అమ్మింది. ఇంతలా ఎగిరిపడే సరుకులో రెండు రోజుల్లో క్వింటాలుకి 500 అటూ ఇటూ అవ్వడం ఎవరికీ వింతగా అనిపించదు. 500 అంటే కిలోకి అయిదు రూపాయలు. రైలు కోసం ఆగిన రెండు రోజుల్లో ధర అటు తిరిగితే, మిగులుతుందనుకున్న దానికి రెట్టింపు చేతి నుంచి పోతుంది. అవతల కొనేవాడికీ ఇదే భయం, అందుకే అతను కిరాయి ఎంత అని అడిగేముందు ఎప్పుడు చేరుతుంది అని అడుగుతాడు.

సిమెంటువాడి లెక్క వేరు. యాభై కిలోల బస్తాలో కిలో ధర ఏడెనిమిది రూపాయలే ఉంటుంది, అందులో కిలోకి రెండున్నర రూపాయలు రవాణాకి ఎక్కువ పోశాడంటే వ్యాపారమే ఉండదు. బొగ్గు సంగతి చెప్పనే అక్కర్లేదు. మన రైల్వే ఏడాదికి 150 కోట్ల టన్నులకు పైగా సరుకు మోస్తుంటే అందులో సుమారు సగం బొగ్గే. గని దగ్గర నింపుతారు, కరెంటు ఫ్యాక్టరీ దగ్గర ఒంపుతారు, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదు. అలాంటి సరుకుకి రైలుని మించింది లేదు, దాన్ని లారీల మీద తోలడమే నేరం. గొడవల్లా ఏమిటంటే మన రైల్వే వ్యవస్థ మొత్తం ఆ ఒక్క రకం సరుకు కోసమే కట్టుకున్నట్టు తయారైంది. రేక్‌కి, అంటే మొత్తం గూడ్సు బండికి, ముందే ఇండెంట్ పెట్టాలి, రేక్ వచ్చాక ఇచ్చిన కొద్ది గంటల్లోనే లోడింగ్ అయిపోవాలి, దాటితే డెమరేజి, సరుకు షెడ్డులో ఉండిపోతే వార్ఫేజి. బొగ్గుకీ సిమెంటుకీ కుదిరిన ఈ పద్ధతి మిర్చికి కుదరలేదు. మిర్చికే కాదు, మదనపల్లె టమాటాకి, నున్న మామిడికి, కైకలూరు చేపకి కూడా.

ఇక లోడింగ్ దగ్గర ఏం జరుగుతుందో చూడాలి, ఎందుకంటే కాగితం మీద లెక్కలు వేసేవాళ్లు చూడనిది ఇదే. లారీ కోల్డ్ స్టోరేజీ గుమ్మంలోకి వస్తుంది. హమాలీలు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, కొక్కెంతో టిక్కీ పట్టి వీపు మీదకి తీసుకుంటారు. ఆ ఘాటుకి కొత్తవాడు అయిదు నిమిషాలు నిలబడలేడు. వాళ్లు మాత్రం తుమ్ముకుంటూనే అడుగు వరసలు పేర్చి, పైన గూడు కట్టి, పట్టా కప్పి తాడు బిగిస్తారు. కాటా వేయించి, బిల్టీ (లారీ రసీదు) రాసి, ఈ-వే బిల్లు తీస్తే అయిపోయింది. ఆ టిక్కీని మళ్లీ మనిషి ముట్టుకునేది దింపేటప్పుడే.

రైలుకి అదే టిక్కీ కోల్డ్ స్టోరేజీ దగ్గర ఒకసారి లోకల్ లారీ ఎక్కాలి, గూడ్స్ షెడ్డులో దిగాలి, అక్కణ్ణుంచి వ్యాగన్ ఎక్కాలి, అటువైపు స్టేషన్‌లో దిగాలి, మళ్లీ లారీ ఎక్కి గోడౌన్‌లో దిగాలి. రెండుసార్లు పట్టే చెయ్యి ఆరుసార్లు పట్టాలి. ప్రతిసారీ హమాలీ కూలీ ఉంది, అంతకన్నా ముఖ్యంగా ఎత్తి వేసిన ప్రతిసారీ కాయ విరుగుతుంది, గింజ రాలుతుంది, రంగూ కాయ నిండుదనమూ చూసి ధర కట్టే సరుకులో అది నేరుగా ధర మీద దెబ్బ. వ్యాగన్ విషయంలో ఇంకో పని ఉంది. లోడింగ్‌కి ముందు ఒక మనిషి లోపలికి వెళ్లి రెండు తలుపులూ మూయించి, ఆ చీకట్లో పైకప్పు వైపు చూస్తూ నిలబడాలి. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనిపించిందా, వానొస్తే నీళ్లు కారేది అక్కడే. సుద్దతో గుర్తు పెట్టి ఆ చోటు పూడ్పించాకే సరుకు ఎక్కించాలి. ఒక్క టిక్కీ తడిస్తే పక్కనున్న నాలుగింటికి బూజు పాకుతుంది. 4,608కి 7,000కి మధ్య తేడా చూపించేటప్పుడు ఈ లోకల్ లారీ, ఈ కూలీలు, ఈ విరిగిపోయే కాయ కూడా కలపాలి. కలిపాక కూడా రైలు కొంచెం చవకగానే తేలుతుంది, కానీ ముందు కనిపించినంత కాదు.

అన్నిటికన్నా పెద్ద విషయం జవాబుదారీ. లారీకి ఒక డ్రైవరు ఉంటాడు, అతనికో ఫోను ఉంటుంది. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే "బరంపురం దాటానన్నా, పొద్దున బాలాసోర్‌లో టిఫిన్" అంటాడు, మనం నిద్రపోతాం. కిరాయిలో కొంత బ్యాలెన్సు మన దగ్గరే ఉంటుంది కాబట్టి సరుకు సరిగ్గా దిగేదాకా అతనికీ పట్టింపు ఉంటుంది. ఇంతకుముందు ఒకసారి మా సరుకు కొంత రైలు పార్సిల్‌లో వెళ్తూ దారిలో ఒక జంక్షన్‌లో దింపేశారు, చోటు చాలక. ఎక్కడుందో కనుక్కోవడానికి మేం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. బుక్ చేసిన స్టేషన్‌వాళ్లు మా దగ్గర నుంచి వెళ్లిపోయింది అన్నారు, చేరాల్సిన స్టేషన్‌వాళ్లు మాకు రాలేదు అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. సరుకు దొరికింది, కానీ ఈలోగా కొన్నవాడు ఇంకో కొట్టు నుంచి తెప్పించుకున్నాడు. అక్కడ ఏ ఒక్క ఉద్యోగినీ తప్పు పట్టలేను, ఆ సరుకు చేరాల్సిన చోట చేరిందా లేదా అని చూసుకునే మనిషి ఆ ఏర్పాటులోనే లేడు.

ఇంత చెప్పానని లారీయే మంచిదని నేను అనడం లేదు. ఆ 7,000 రూపాయల్లోకి రాని ఖర్చు చాలా ఉంది, దాన్ని డ్రైవరూ రోడ్డూ భరిస్తున్నాయి. గుంటూరు నుంచి పెట్రాపోల్ సరిహద్దు దాకా 1,300 కిలోమీటర్లకు పైనే. మామూలుగా రోజుకి ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. హైవే మీద అది ఎంత అమలవుతోందో ఏ ధాబాలో అడిగినా చెబుతారు. బేరం తెగకపోతే తగ్గించేది కిరాయినే, కిరాయి తగ్గితే పోయేది డ్రైవరు నిద్రే. సరిహద్దు దగ్గరకి వెళ్లాక బనగాం పార్కింగుల్లో లైను. కొన్నేళ్ల కిందట అయితే ఒక్కోసారి రోజులు కాదు, వారాలు. అన్ని రోజులూ ఆ మనిషి వంట, స్నానం, నిద్ర అంతా లారీ దగ్గరే. హాల్టింగ్ చార్జీ ఎవరు కట్టాలన్న పేచీ మాకూ కొనేవాడికీ మధ్య నడుస్తుంది, అందులో అతని మాట ఎవరూ అడగరు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, చాలా మంచి పని, కానీ ఇవాళ రోడ్డు మీద తిరిగేవి చాలావరకు పాత బండ్లే. రైలు సరిహద్దు దాటుకుని నేరుగా బెనాపోల్‌లో ఆగితే ఈ లైనంతా తప్పుతుంది. అందుకే నాకు రైలే కావాలి. నాకు అందేటట్టు కావాలి.

అందేటట్టు చెయ్యడం కుదరదా అంటే, మన రాష్ట్రంలోనే కుదిరిన ఉదాహరణలున్నాయి. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాలు రైల్లోనే వెళ్తాయి. ఒక్కో ట్యాంకరుకి 40 వేల లీటర్లు. ముందు వారానికోసారి వెళ్లే రైళ్లకు తగిలించి పంపేవారు, 2020 మార్చి 26 నుంచి దూద్ దురంతో పేరుతో ప్రత్యేక రైలే పెట్టారు. పాలు ఆగితే విరిగిపోతాయి, ఆ తొందర మిర్చికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా రైలు దాన్ని అందుకుంది, ఎందుకంటే ఫలానా టైముకి కదులుతుందన్న నమ్మకం ఇచ్చింది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి జేఎన్‌పీటీ రేవుకి అరటిపండ్లు ఒకే రైల్లో 43 శీతల కంటైనర్లలో వెళ్లాయి. అక్కడ గమనించాల్సింది కంటైనరు. సరుకుని ఒకసారి కంటైనర్లో నింపి సీలు వేస్తే, ఆ తర్వాత క్రేన్ ఎత్తేది పెట్టెనే తప్ప పండుని కాదు. నేను పైన చెప్పిన ఆరుసార్లు మళ్లీ రెండుసార్లకి వచ్చేస్తుంది.

కిసాన్ రైలు సంగతి కూడా చెప్పాలి. మొదటిది 2020 ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవ్‌లాలీ నుంచి బీహార్‌లోని దానాపూర్‌కి, దక్షిణాదిలో మొదటిది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి. టమాటా, అరటి, బొప్పాయి ఎక్కాయి. ఆ అక్టోబరు నుంచి పండ్లకీ కూరగాయలకీ కిరాయిలో సగం రాయితీ ఇచ్చారు. బాగా నడిచింది, 2022 తర్వాత ఆ జోరు మిగల్లేదు. దీన్ని చూసి రాయితీ లేకపోతే రైతు రైలెక్కడని తేల్చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ రెండేళ్లలో చాలాకాలం రైళ్లు టైముకి వెళ్లడానికి ఇంకో కారణం ఉంది, ప్యాసింజర్ రైళ్లు చాలావరకు ఆగిపోయి పట్టాలు ఖాళీగా ఉన్నాయి. మామూలు రోజుల్లో గూడ్సు రైలు సగటు వేగం గంటకి పాతిక కిలోమీటర్ల దగ్గరే ఉండేది, వెనకొచ్చే ప్రతి ఎక్స్‌ప్రెస్‌కీ దారిస్తూ లూప్ లైన్లో నిలబడాలి కాబట్టి. రాయితీ కన్నా ఖాళీ పట్టాలే ఎక్కువ పని చేశాయని నా అభిప్రాయం. 2021 బడ్జెట్‌లో ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకి సరుకు రైళ్ల కోసమే ప్రత్యేక కారిడార్ అన్నారు. అది పడితే గుంటూరు మిర్చికీ బెంగాల్ సరిహద్దుకీ మధ్య దూరం సగం తగ్గినట్టే. రోడ్ల వెడల్పు గురించి అడిగినంత గట్టిగా దీని గురించి మన ఎంపీలు అడగాలి.

ఓడ మాట ఎత్తకపోతే వ్యాసం సగమే అంటారు కాబట్టి అదీ చెప్తాను. చైనాకి వెళ్లే తేజకి ఓడ తప్ప దారి లేదు, అక్కడ ఎంచుకునేది ఏ రేవు, ఏ లైను అన్నంతవరకే. బంగ్లాదేశ్‌కి కూడా 2015లో కుదిరిన తీరప్రాంత నౌకా ఒప్పందం తర్వాత నేరుగా చిట్టగాంగ్ వెళ్లే వీలు వచ్చింది. అంతకుముందు కొలంబో, సింగపూర్ చుట్టి రావాల్సివచ్చేది. పత్తి బేళ్లలాంటి వాటికి ఇది బాగుంటుంది. మా ఒక్క లారీ ఆర్డరుకి ఓడ తేదీల కోసం ఆగడం మాత్రం రేక్ కోసం ఆగినట్టే ఉంటుంది. బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో సరుకు తిరిగిన రోజుల్ని మళ్లీ తెస్తామని 2008లో దాన్ని జాతీయ జలమార్గం 4లో చేర్చారు. వస్తే సంతోషమే, కానీ ఈ సీజన్ సరుకు దాని మీద పంపలేం కదా.

కాబట్టి రైల్వే నుంచి నాకు కావాల్సింది కిరాయి తగ్గింపు కాదు. 2020లో వేసిన ఆ 384 టన్నుల రైలే కావాలి, ఒక్కసారి వేసి ఫొటోలు దిగడం కాకుండా, జనవరి నుంచి మే దాకా వారానికి ఒక రోజు, ఫలానా రోజు అని ముందే చెప్పి. నిండినా నిండకపోయినా ఆ రోజు కదలాలి. ఒక్క వ్యాన్ బుక్ చేసుకునేవాడికీ, వీలైతే అర వ్యాన్ వాడికీ చోటివ్వాలి, పక్క వ్యాన్‌లో ఎవరి సరుకుందో నాకు అనవసరం. వ్యాన్ బదులు కంటైనరైతే మరీ మంచిది, కోల్డ్ స్టోరేజీ గుమ్మంలో నింపి సీలు వేస్తాం. ఎక్కడుందో ఫోన్‌లో కనపడాలి, ఆలస్యమైతే మాట్లాడటానికి పేరున్న మనిషి ఒకరుండాలి. టన్నుకి 4,608 బదులు 5,500 తీసుకున్నా ఇస్తాం.

మావయ్యకి ఈ మాట చెబితే ఆయన ఒకటే అడిగారు: "ఒక సీజన్ రైలు మీద పంపుతాం సరే, రెండో ఏడు రైలు ఆపేస్తే మన ట్రాన్స్‌పోర్టువాడు మళ్లీ బండి పెడతాడా?" మార్చిలో లారీలు దొరకడమే గగనమైనప్పుడు, ఏడాది పొడుగునా లోడ్లు ఇచ్చిన కొట్టుకే ముందు బండి వస్తుంది. ఆ వరసలోంచి ఒకసారి బయటికొచ్చినవాడు మళ్లీ అందులోకి ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు, రైల్వే దగ్గరే ఉండాలి. కనీసం మూడు సీజన్లు ఆపకుండా నడుపుతామని రాతపూర్వకంగా ఇస్తే, యార్డులో మాలాంటి కొట్లు ఇరవై ముప్పై కలిసి అన్ని సీజన్లకీ వ్యాన్లు ముందే బుక్ చేయడానికి సిద్ధంగా ఉన్నాయి. మావయ్య కూడా ఆ కాగితం చూపిస్తే సంతకం పెడతానన్నారు.